సున్నా అని రాసిన వారం

వ్యాఖ్యాత: నమస్కారం. కర్నూలు నుంచి మాట్లాడుతున్నాం. ఇవాళ మనతో ఉన్న పెద్దాయన ఈ జిల్లాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి, తర్వాత వ్యాధుల నిఘా విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ పొందారు. పేరు చెప్పవద్దని ముందే షరతు పెట్టారు కాబట్టి నేను ‘సార్’ అనే పిలుస్తాను. సార్, అంటువ్యాధిని తొందరగా పసిగట్టాలంటే ఏం కావాలని ఫోనులో అడిగితే, ‘ముందు సున్నా గురించి మాట్లాడదాం’ అన్నారు. ఎందుకలా అన్నారు?

అతిథి: చెబుతానమ్మా. మన దేశంలో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం 2004లో మొదలైంది. అప్పుడు ఎస్, పి, ఎల్ అని మూడు ఫారాలు ఉండేవి. పల్లెల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎం తాను చూసిన లక్షణాలను ఎస్ ఫారంలోను, డాక్టరు తన అనుమానాన్ని పి ఫారంలోను, ల్యాబులో తేలినదాన్ని ఎల్ ఫారంలోను రాసి వారం వారం జిల్లాకు పంపాలి. కేసులు లేకపోతే గడిలో సున్నా వేయాలే తప్ప ఖాళీగా వదలకూడదు. సున్నా వేశారంటే చూశారు, లేదని తేల్చుకున్నారు. ఖాళీగా వదిలితే అసలు చూశారో లేదో మనకు తెలియదు.

వ్యాఖ్యాత: అంటే సున్నా వస్తే ధైర్యంగా ఉండవచ్చన్నమాట.

అతిథి: నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. ఒక ఆరోగ్య కేంద్రం నుంచి వరుసగా రెండు నెలలకు పైగా అన్ని గడుల్లోనూ సున్నాలే వచ్చాయి. ఇంత ఆరోగ్యమైన ఊరు ఎలా ఉంటుందో చూద్దామని వెళ్లి ఓపీ రిజిస్టరు తిరగేస్తే, ఒక్క పేజీలోనే ‘జ్వరం’ అన్న మాట పదిసార్లకు పైగా కనిపించింది. అక్కడి ఏఎన్ఎం దాపరికం లేకుండా చెప్పింది: ‘సార్, అంకె వేస్తే మీటింగులో నిలబెట్టి ఎందుకు పెరిగాయని అడుగుతారు. సున్నా వేస్తే ఎవరూ ఏమీ అడగరు.’ ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. నిజం రాసినవారికి చీవాట్లు పడుతుంటే ఎవరు మాత్రం రాస్తారు?

వ్యాఖ్యాత: ఇది మన దగ్గరి సంగతే అనుకోవాలా?

అతిథి: కాదమ్మా, డబ్బు లేని దేశాలన్నింటిలోనూ ఉన్నదే. పశ్చిమ ఆఫ్రికాలోని గినియా దేశంలో, మెలియాండు అనే అడవి పల్లెలో, 2013 డిసెంబరులో ఒక పసిబిడ్డ జ్వరం, వాంతులు, విరేచనాలతో చనిపోయాడు. తర్వాత ఆ ఇంటివారు, వారికి సేవ చేసినవారు ఒకరి వెనుక ఒకరు పోయారు. కలరా కావచ్చునని కూడా అనుకున్నారు. ఆ రోగాన్ని తేల్చగల ల్యాబు ఆ దేశంలో లేదు కాబట్టి నమూనాలు ఫ్రాన్సుకు వెళ్లాయి. అది ఎబోలా అని ప్రపంచానికి తెలిసింది 2014 మార్చి మూడో వారం దాటాక. ఆ మూడు నెలల్లో రోగం ఊళ్లు దాటింది, సరిహద్దులు దాటింది. చివరికి గినియా, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో 28,000 మందికి పైగా సోకి, 11,000 మందికి పైగా చనిపోయారు.

వ్యాఖ్యాత: అదే ఏడాది నైజీరియాకు కూడా వచ్చింది కదా సార్?

అతిథి: వచ్చింది. లాగోస్ వంటి మహానగరంలో విమానం దిగిన ఒక ప్రయాణికుడితో మొదలైంది. అయినా 20 కేసులు, 8 మరణాల దగ్గర ఆగింది. పోలియో కోసం పల్లె పల్లె తిరిగిన మనుషులు, వారు నడిపిన అత్యవసర కేంద్రం అప్పటికే సిద్ధంగా ఉండటం వల్ల, రోగిని కలిసినవారిని ఇంటింటికీ వెళ్లి వెతకగలిగారు.

పోలియో అనగానే మళ్లీ సున్నాయే గుర్తుకు వస్తుంది. పదిహేనేళ్లలోపు పిల్లల్లో ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే, అది పోలియో కాకపోయినా నమోదు చేయాలి. పోలియో లేని చోట కూడా లక్ష మంది పిల్లలకు ఏడాదికి కనీసం ఒక్క కేసైనా వేరే కారణాలతో వస్తుందని లెక్క. మన దేశంలో ఆ లెక్కను రెండుగా పెట్టుకున్నారు. అంతకంటే తక్కువ వచ్చిన జిల్లాను మెచ్చుకోరు, వెతకడం లేదని అనుమానిస్తారు. నేను చూసిన పద్ధతుల్లో సున్నాను నిలదీసింది అదొక్కటే.

వ్యాఖ్యాత: మరి జ్వరాలకు అలాంటి లెక్క కుదురుతుందా?

అతిథి: కష్టం. మన దగ్గర జ్వరం మొదట వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆయన ఒక్కసారి వైడల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అంటాడు, పేపరువాళ్లు విషజ్వరాలంటారు, అసలు ఏ జ్వరమో ఎక్కడా నమోదు కాదు. పాత ఇన్ఫెక్షన్ ఉన్నా వైడల్ పాజిటివ్ చూపవచ్చు. రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్ష నమ్మదగినదే కానీ, యాంటీబయాటిక్ పడకముందే తీయాలి. మనవాళ్లకు సూది పడకుండా ఆసుపత్రి గడప ఎక్కే అలవాటు ఎక్కడిది?

వ్యాఖ్యాత: నమూనాలు ల్యాబుకు చేర్చడం కూడా మీ పనే కదా?

అతిథి: నా జీవితం సగం ఆ పెట్టెతోనే గడిచింది. పోలియో అనుమానం ఉన్న బిడ్డ మలం రెండు సార్లు, కనీసం 24 గంటల తేడాతో, చచ్చుబడిన 14 రోజుల్లోపు తీసి, ఐసు ప్యాకుల మధ్య 8 డిగ్రీలు దాటకుండా పంపాలి. కలరా అనుమానానికి ఐసు అక్కర్లేదు. దూదిపుల్లను మలంలో ముంచి, కేరీ బ్లెయిర్ అనే మాధ్యమం ఉన్న గొట్టంలో గుచ్చి మూత బిగిస్తే మామూలు వేడిలోనే ల్యాబుకు చేరుతుంది. ఈ సంగతి తెలియక దాన్ని కూడా ఐసులో పెట్టి పంపినవారిని చూశాను, ఐసు లేదని అసలు తీయకుండా మానుకున్నవారినీ చూశాను.

అయితే ల్యాబులో తేలిన ఫలితం పంపినవారికి తిరిగి చేరకపోవడం అంతకంటే పెద్ద లోపం. ఇందాక చెప్పిన, సున్నాలు వేసిన ఆ ఏఎన్ఎం నన్ను అడిగిన రెండో మాట, ‘పోయిన వానాకాలం పంపిన గొట్టాలు ఏమయ్యాయి సార్?’ అని. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఫలితం వచ్చిన రోజే, నెగెటివ్ అయినా సరే, పంపినవారికి నేనే ఫోన్ చేయడం మొదలుపెట్టాను. రెండు నెలల్లో ఆమె ఫారంలో అంకెలు కనిపించాయి.

వ్యాఖ్యాత: ఇప్పుడు 2021 నుంచి ఈ నమోదంతా ఆన్‌లైన్ అయింది కదా?

అతిథి: అయింది, మంచిదే. ఏడు రోజుల్లో పసిగట్టాలి, ఒక రోజులో తెలియజేయాలి, మరో ఏడు రోజుల్లో తొలి అదుపు చర్యలు పూర్తిచేయాలి అని ‘7-1-7’ అనే గురి కూడా ఇప్పుడు చాలా దేశాలు పెట్టుకున్నాయి. కానీ ట్యాబులో కొట్టినా సున్నా సున్నాయే. కోసిగి, ఆదోని వైపు పల్లెలను చూడండి. సుగ్గి కాలంలో ఇంటికి తాళం వేసి, పిల్లలతో సహా గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్లిపోతారు. ఆ నెలల్లో అక్కడి నుంచి వచ్చే సున్నా అబద్ధం కాదు, ఊళ్లో మనుషులే లేరు. మిరప చేల గుడారాల్లో బిడ్డకు జ్వరం వస్తే అక్కడి రిజిస్టరులో వారు పరాయి ఊరివారు, ఇక్కడి రిజిస్టరులో అసలు లేరు.

వ్యాఖ్యాత: దానికి మీరేమైనా చేయగలిగారా?

అతిథి: ఒక ఊళ్లో మాత్రం చేశాం. ఏ ఇంటివారు ఏ ఊరికి పోయారో ఆశా కార్యకర్త వంద పేజీల నోటుబుక్కులో రాసుకునేది. ఉగాదికి ముందు లారీలు దిగే రోజుల్లో, మూటలు దించుతుండగానే ఇంటింటికీ వెళ్లి ‘ఎవరికైనా జ్వరం ఉందా, అక్కడ ఎవరికైనా వచ్చిందా’ అని అడిగి, అదే పేజీలో పేరు పక్కన రాసేది. తాళం ఉన్న ఇంటికి ఆమె సున్నా వేయలేదు. ‘తాళం’ అని రాసింది. జిల్లా ఫారంలో ఆ మాటకు గడి లేదు కాబట్టి, ఆ నోటుబుక్కు జిరాక్సు తీసి ఫారానికి పిన్ను కొట్టి పంపాను.