ఉత్తరాల సంచీ మోసిన పాటగాడు: జాన్ ప్రైన్ సొంత దారి

(చర్చలో పాల్గొన్నవారు: వ్యాఖ్యాత, ఒక సంగీత విమర్శకురాలు, ఉత్తర తెలంగాణ బొగ్గు గనుల ప్రాంతం నుంచి వచ్చిన ఒక పాటల రచయిత-గాయకుడు, అమెరికాలోని నాష్‌విల్ నుంచి వీడియోలో కలిసిన ఒక తెలుగు శ్రోత)

వ్యాఖ్యాత: నమస్కారం. సినిమాతో సంబంధం లేకుండా పాట రాసుకుని, తనే పాడుకుని, దాని మీదే ఇల్లు నడపడం కుదురుతుందా? ఈ ప్రశ్న మాకు చాలామంది పంపిస్తున్నారు. ఇవాళ ఒకే ఒక్క మనిషి జీవితంలో దానికి జవాబు వెతుకుదాం. ఆయన అమెరికా గాయకుడు జాన్ ప్రైన్. 1946లో పుట్టారు, 2020లో కన్నుమూశారు. ఆయన పాటలను 'అమెరికానా' అంటారు. మేడమ్, ముందు అదేమిటో చెప్పండి.

విమర్శకురాలు: ఫోక్ అంటే జానపదం, కంట్రీ అంటే అక్కడి పల్లె పాట, బ్లూస్ అంటే నల్లజాతి వాళ్ల బాధల పాట, ఇంకా పాత రాక్, అన్నీ ఒకే ఇంట్లో పెరిగిన పాటలు. రేడియోలూ రికార్డు షాపులూ వాటిని విడదీసి తలా ఒక అరలో పెట్టాయి. ఏ అరలోనూ ఇమడని పాటలకు తర్వాత పెట్టిన పేరు అమెరికానా. నాష్‌విల్‌లో అమెరికానా మ్యూజిక్ అసోసియేషన్ పుట్టింది 1999లో. అప్పటికి ప్రైన్ పాడటం మొదలుపెట్టి దాదాపు ముప్పై ఏళ్లు. పేరు గురించి ఇంతకంటే అక్కర్లేదు, మనిషి దగ్గరికి వెళ్దాం.

గాయకుడు: నన్ను పట్టేసింది ఆయన ఉద్యోగం అక్కా. చికాగో పక్కన మేవుడ్ అనే ఊరు, అక్కడ పోస్ట్‌మ్యాన్. రోజూ అవే వీధులు, అవే గుమ్మాలు. కాళ్లు వాటంతట అవే నడుస్తాయి, బుర్ర ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలో పాట కట్టేవాడు. రాసుకోవడానికి చేతులు ఖాళీ ఉండవు కదా, సంచీ ఉంటుంది. మనసులో నిలిచిన లైనే పాటలో మిగిలేది. అందుకే ఆయన పాటల్లో దండగ మాట కనిపించదు.

విమర్శకురాలు: తమ్ముడు చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. పోస్ట్‌మ్యాన్‌కి ప్రతి గుమ్మం వెనక ఎవరున్నారో తెలుస్తుంది. చిన్నప్పుడు వృద్ధాశ్రమంలో పేపర్లు వేశాడు. ఆ తర్వాత, పాతికేళ్లు కూడా రాకముందే, ముసలి దంపతుల ఒంటరితనం మీద 'హలో ఇన్ దేర్' రాశాడు. సైన్యంలో పశ్చిమ జర్మనీలో బండ్లు బాగుచేసే పని చేశాడు. వియత్నాంకి వెళ్లలేదు, కానీ అక్కణ్నుంచి మత్తుమందు అలవాటుతో ఇల్లు చేరిన సైనికుడి కథ 'సామ్ స్టోన్'గా రాశాడు. చికాగోలో ఫిఫ్త్ పెగ్ అనే చిన్న క్లబ్‌లో మొదటిసారి ఇలాంటి పాటలు పాడితే జనం చప్పట్లు కొట్టడం మరిచిపోయారట. నచ్చలేదేమోనని ఆయన టెన్షన్ పడ్డాడు. కాసేపటికి గానీ చప్పట్లు మొదలు కాలేదు.

వ్యాఖ్యాత: ఆయన గురించి మొదట రాసింది ఒక సినిమా విమర్శకుడని చదివాను.

విమర్శకురాలు: అవును, రోజర్ ఈబర్ట్. 1970 అక్టోబరులో, చికాగో సన్-టైమ్స్ పత్రికలో. సినిమాల మీద రాసే మనిషి, ఒక రాత్రి ఆ క్లబ్‌కి వెళ్లి విన్నాడు. ఆ వారం సమీక్ష ఈ పోస్ట్‌మ్యాన్ మీద రాసేశాడు. ఆ తర్వాత హాలు నిండింది. ఈ ముక్క మన పత్రికల వాళ్లు వినాలని నా కోరిక. ఎవరికీ తెలియని గొంతు గురించి ఒక్క పేజీ ఇవ్వడానికి ఖర్చేముంది?

వ్యాఖ్యాత: అక్కణ్నుంచి పెద్ద రికార్డు కంపెనీకి...

విమర్శకురాలు: ఒక స్నేహితుడి వల్ల. స్టీవ్ గుడ్‌మన్ కూడా చికాగో గాయకుడే. అప్పటికే పెద్ద పేరున్న గాయకుడు క్రిస్ క్రిస్టొఫర్సన్ గుడ్‌మన్ పాటలు మెచ్చుకుంటే, 'మీరు నా స్నేహితుణ్ని కూడా వినాలి' అని గుడ్‌మన్ పట్టుబట్టి తీసుకెళ్లాడు. తన అవకాశాన్ని పక్కవాడితో పంచుకున్న మనిషి! న్యూయార్క్‌లో క్రిస్టొఫర్సన్ ప్రైన్‌ని స్టేజీ ఎక్కించడం, అట్లాంటిక్ రికార్డ్స్ ఒప్పందం, 1971లో మొదటి ఆల్బం, అన్నీ గబగబా జరిగిపోయాయి.

గాయకుడు: ఆ ఆల్బంలో 'ప్యారడైజ్' గురించి చెప్పకుండా నేను ముందుకు వెళ్లలేను. ప్రైన్ అమ్మానాన్నలది కెంటకీ రాష్ట్రం. ప్యారడైజ్ అక్కడ ఒక చిన్న ఊరు. చుట్టూ బొగ్గు కోసం ఓపెన్‌కాస్ట్ తవ్వారు, 1967లో మిగిలిన ఊరినీ కూల్చేశారు. వాళ్ల నాన్న కోసం రాసిన పాట అది. టేపు ఇంటికి తెచ్చి వినిపిస్తే, పాట వచ్చేసరికి ఆయన లేచి పక్క గదిలోకి వెళ్లి చీకట్లో కూర్చున్నారట. ఎందుకంటే, జ్యూక్‌బాక్స్‌లో, అంటే హోటళ్లలో డబ్బు వేస్తే పాట వినిపించే పెట్టెలో, వస్తున్నట్టు ఊహించుకుంటూ వినాలని. ఆల్బం బయటికి రాకముందే ఆయన పోయారు. మా వైపు గని కోసం ఖాళీ అయిన ఊళ్లు చూశాను నేను. గుడి, బడి, బొడ్రాయి అన్నీ పోయి గుట్టలుగా మట్టి మిగులుతుంది. కెంటకీ ఎక్కడుందో తెలియకముందే ఆ పాట నాకు అర్థమైంది.

నాష్‌విల్ శ్రోత: ఇక్కడ ఆ పాట మొదలైతే హాలంతా కలిసి పాడుతుందండీ. చాలామందికి అది ఎప్పటి నుంచో ఉన్న జానపదం అన్నట్టే.

వ్యాఖ్యాత: ఇక అసలు విషయానికి వద్దాం. ఇంత గుర్తింపు వచ్చాక పెద్ద కంపెనీలను ఎందుకు వదిలారు?

గాయకుడు: స్వేచ్ఛ కోసం! నా మొదటి పాటలు ఒక ఆడియో కంపెనీకి ఇచ్చాను. చదవకుండా సంతకం పెట్టాను, తప్పు నాదీ ఉంది. ఇప్పుడు నా పాట నేను పాడి పెట్టుకుంటే కాపీరైట్ అని తీసేస్తున్నారు. అందుకే ప్రైన్ 1981లో ఓ బాయ్ రికార్డ్స్ అనే సొంత కంపెనీ పెట్టాడని తెలిసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

విమర్శకురాలు: నీ బాధ నిజం. కానీ కథని సగం నుంచి చెప్పకూడదు. అట్లాంటిక్‌లో నాలుగు, అసైలమ్‌లో మూడు, మొత్తం ఏడు ఆల్బంలు పెద్ద కంపెనీలే తెచ్చాయి. భారీగా అమ్ముడుపోలేదు, కానీ ఊరూరా ఆయన్ని ప్రేమించే జనం తయారయ్యారు. ఆ పదేళ్లు లేకుండా మొదటి రోజునే సొంత కంపెనీ పెట్టి ఉంటే?

గాయకుడు: అక్కా, జనాన్ని తయారుచేసింది కంపెనీయా, ఊరూరా తిరిగి పాడిన మనిషా?

విమర్శకురాలు: ఇద్దరూ. రెండోదే ఎక్కువని ఒప్పుకుంటాను. ఎందుకంటే సొంత కంపెనీ నిలబడింది ఆ జనం వల్లే. మేనేజర్ అల్ బునెటా, డాన్ ఐన్‌స్టైన్‌లతో కలిసి మొదలుపెట్టాడు. మొదట వేసింది క్రిస్మస్‌కి ఒక చిన్న ఎర్ర వినైల్ రికార్డు. తర్వాతి ఆల్బం ఇంకా తయారు కాకముందే అభిమానులు పోస్టులో డబ్బు పంపారు. ఇంటర్నెట్ లేని రోజుల్లో! 1984లో ఆ ఆల్బం వచ్చింది. ఒకప్పుడు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషికి అవే గుమ్మాల నుంచి చెక్కులు వచ్చాయి.

వ్యాఖ్యాత: హక్కుల విషయం కొంచెం విడమరిచి చెప్పండి. చాలామందికి ఇక్కడే తికమక.

విమర్శకురాలు: పాట వేరు, రికార్డింగ్ వేరు. గాయని బోనీ రైట్ 1974లో ప్రైన్ రాసిన 'ఏంజెల్ ఫ్రమ్ మాంట్‌గోమరీ' పాడింది. ఆమె గొంతులో అది దేశమంతా తిరిగింది. పాట రాసినవాడిగా ప్రైన్‌కి రాయల్టీ వస్తుంది. ఆయనే పాడిన పాత రికార్డింగ్ మాత్రం కంపెనీది. అందుకని 2000లో ఆయన తన పాత పాటలు పదిహేను మళ్లీ పాడి, సొంత లేబుల్ మీద, అంటే తన కంపెనీ పేరుతో, విడుదల చేశాడు. పాటలు అవే, ఈ రికార్డింగులు మాత్రం సొంతం. మన దగ్గర 2012 కాపీరైట్ సవరణ తర్వాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను కంపెనీకి రాసివ్వడానికి వీల్లేదు. తమ్ముడూ, నీ కాగితం ఒకసారి లాయరుకి చూపించు.

గాయకుడు: చూపిస్తాను అక్కా. ఆ 2000 ఆల్బంలో గొంతు మారిపోయి ఉంటుంది, గమనించారా?

విమర్శకురాలు: 1998లో మెడ దగ్గర క్యాన్సర్. ఆపరేషన్, రేడియేషన్. గొంతు బొంగురుపోయి శ్రుతి కిందికి దిగింది. పాత పాటలన్నీ కింది శ్రుతిలో పాడాల్సి వచ్చింది. అలా పాడితే తన పాటలు తనకే కొత్తగా వినిపించాయని సంతోషించాడు. నాకు ఆ గొంతే ఎక్కువ ఇష్టం. ముసలివాళ్ల గురించి కుర్రవాడు రాసిన పాట చివరికి దానికి సరిపడే గొంతు చేరింది.

వ్యాఖ్యాత: అవార్డులు, అమ్మకాలు?

విమర్శకురాలు: 1991 ఆల్బంకీ, 2005 ఆల్బంకీ గ్రామీలు వచ్చాయి. రెండూ సొంత లేబుల్ మీద వచ్చినవే. 2018లో 'ద ట్రీ ఆఫ్ ఫర్‌గివ్‌నెస్' ఆల్బం బిల్‌బోర్డ్ 200 అనే అమెరికా ఆల్బంల పట్టికలో 5వ స్థానంలో మొదలైంది. ఆయన జీవితంలో అదే అన్నిటికంటే పై మెట్టు, 71 ఏళ్ల వయసులో. అంతా తను రాసిన పాటలతో ఆల్బం వచ్చి అప్పటికి 13 ఏళ్లు. సొంత కంపెనీ ఇచ్చిన అసలు ఆస్తి ఇదే అంటాను. పాట రానప్పుడు రాయకుండా ఊరుకునే వీలు.

గాయకుడు: ఆ వీలు నాకు లేదు. నెలకో పాట పెట్టకపోతే మర్చిపోతారని భయం. ఈ మాట ఇవాళ నాతో ఇంటికి వస్తుంది.

వ్యాఖ్యాత: నాష్‌విల్ నుంచి మీరు చెప్పండి. ఆయన్ని నేరుగా చూశారు కదా.

నాష్‌విల్ శ్రోత: చూశానండీ, ఆ 2018 ఆల్బం వచ్చాక. అప్పటికి 2013లో ఊపిరితిత్తి క్యాన్సర్‌కి ఆపరేషన్ కూడా అయింది. నేను సాఫ్ట్‌వేర్ పని మీద ఈ ఊరు వచ్చినవాణ్ని, ఆఫీసులో ఒకాయన టికెట్ ఇస్తే వెళ్లాను. సగం మాటలు అర్థం కాలేదు, కానీ పక్కన కూర్చున్నవాళ్లు ఏడుస్తూ నవ్వుతున్నారు. 2020 ఏప్రిల్ 7న ఇక్కడి వాండర్‌బిల్ట్ ఆస్పత్రిలో కోవిడ్‌తో పోయారని తెలిసినప్పుడు నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది. కంపెనీని ఇప్పుడు భార్య, కొడుకు నడుపుతున్నారు, కొత్త గాయకుల రికార్డులు వేస్తున్నారు.

వ్యాఖ్యాత: ఆ రాత్రి మీకు బాగా గుర్తున్నది?

నాష్‌విల్ శ్రోత: చివర్లో 'లేక్ మరీ' అనే పొడుగు పాట పాడారు. బ్యాండు వాయిస్తూనే ఉంది. ఆయన గిటార్ తీసి స్టేజీ మీద నేలపై పెట్టారు. రెండు క్యాన్సర్లు దాటిన పెద్దాయన, నల్ల సూటు వేసుకుని, ఆ గిటార్ చుట్టూ డాన్సు చేశారండీ. అలా చేసుకుంటూనే లోపలికి వెళ్లిపోయారు. గిటార్ మాత్రం అక్కడే ఉంది.