ఇంజన్ సౌండ్ తర్వాత వినొచ్చు, ముందు తలుపు కింద సిల్స్ చూడండి

అందరికీ నమస్కారం. కమిటీ పెద్దలకి, అక్కలకి, అన్నలకి... సరే, అక్కడ బిర్యానీ మూతలు తీస్తున్నారు కాబట్టి మర్యాదలు ఇక్కడితో ఆపేస్తా. సమ్మర్‌లో కార్ మెయింటెనెన్స్ గురించి చెప్పమన్నారు. టైర్లలో గాలి చూస్కోండి, కూలెంట్ చూస్కోండి, అయిపోయింది. ఇంక నా గొడవ వినండి.

మన కుర్రాళ్ళు ఈమధ్య పాత మజ్దా మియాటాలు, అదే టాప్ తీసేసుకునే రెండు సీట్ల చిన్న కార్లు, తెగ కొంటున్నారు. 1989లో షికాగో ఆటో షోలో చూపించిన కారది, మొదటి మోడల్ బరువు టన్ను లోపే, లేచి పడుకునే హెడ్‌లైట్లు. నేనేం తిట్టను, నాకూ ఒకటుంది. కాకపోతే కొనేటప్పుడు అందరూ బానెట్ ఎత్తి ఇంజన్ సౌండ్ వింటారు. ఆ ఇంజన్ గట్టిది బాబూ! పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్ అంటే అవి వాల్వుల దగ్గరుండే లిఫ్టర్లు, చాలాసార్లు ఆయిల్ మారిస్తే తగ్గుద్ది. వెనకవైపు ఆయిల్ కారితే క్యామ్ యాంగిల్ సెన్సర్‌కుండే రబ్బరు ఓ-రింగ్ చూడండి, అది చవకే. రేడియేటర్ పైన ప్లాస్టిక్ నల్లగా ఉండాలి, గోధుమ రంగుకి తిరిగితే మార్చేయండి. క్లచ్ పెడల్ కిందికెళ్ళి పైకి రాకపోతే ముందు క్లచ్‌ని నెట్టే స్లేవ్ సిలిండర్ లీక్ చూడండి, ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. ఇంజన్లో కాస్త భయపడాల్సింది 1990, 91 మొదట్లో వచ్చిన 1.6 లీటర్ వాటికి, క్రాంక్ ముక్కు, అంటే ఇంజన్లో తిరిగే ఇరుసు ముందు కొస, పొట్టిది, దానిమీద పుల్లీని పట్టి ఉంచే కీ అరిగిపోయి ముందు పుల్లీ ఊగుద్ది. ఇంజన్ ఆపి పుల్లీ ముందు మొహం మీద గాడులు (బెల్టువి కాదు) లెక్కపెట్టండి, నాలుగుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే బతికిపోయారు.

ఇవన్నీ బోల్టులు విప్పితే అయిపోయే పనులు. తుప్పు అలా కాదు. టాప్ మీద పడ్డ వాన నీళ్ళు సీట్ల వెనక రెండు పక్కలా గొట్టాల్లోంచి దిగి, వెనక చక్రాల ముందు బయటికి పోవాలి. ఆకులు, మట్టి అడ్డం పడితే ఆ నీళ్ళు తలుపు కింద పొడుగునా ఉండే బోలు రేకు భాగం, అదే సిల్, దాని లోపలికి దిగి అక్కడే కూర్చుంటాయి. పైన పెయింట్ మెరుస్తూనే ఉంటది, లోపల రేకు పోతా ఉంటది. పైగా మన ఒహాయోలో చలికాలం రోడ్డు మీద ఉప్పు. వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, బీచ్ రోడ్డు ఇళ్ళ కిటికీ గ్రిల్స్ చూశారుగా.

మొన్న మనవాడొకడు కొన్నాడు, ఎర్రది, ముద్దొచ్చేలా ఉంది. సిల్స్ కొత్తగా చేయించాం, బిల్లు కూడా ఉంది అన్నాడంట అమ్మినాయన. కింద చూస్తే నల్లగా కొత్త అండర్‌కోట్, అదే కారు అడుగున పూసే పూత, కింద ఏముందో కనపడకుండా! అక్కడే నాకు డౌటొచ్చింది. వాళ్ళింట్లో ఫ్రిజ్ మీద వెంకటేశ్వరస్వామి మాగ్నెట్ తెప్పించి సిల్‌కి పెడితే జారి కింద పడింది, ఇంకోచోట పెట్టా, మళ్ళీ పడింది. అంతా పుట్టీ! జాక్ పెట్టి లేపితే కరకర మని అంచు లోపలికెళ్ళిపోయింది. గీకి చూస్తే పుట్టీ, దాని కింద జల్లెడ లాంటి మెష్, దాని కింద ఫోమ్. ఇది చేసి బిల్లిచ్చాడు, ఏ షాపో పేరు చెప్పను, పిల్లాడి డబ్బులు మాత్రం పోయాయి. కారు పక్కనుంచి గుద్దితే అడ్డుండేది ఆ సిల్లేనండి, అక్కడ ఫోమ్ పెడతారా? ఆ పిల్లాడి అమ్మగారు ఇక్కడే ఉన్నారు, ఆవిడనడగండి!

తుప్పు మీద పుట్టీ పెడితే తడి లోపలే ఉంటది. మంచి రేకు తగిలేదాకా కోయాలి, లోపలి ప్యానెల్ పోతే అదీ కోయాలి, కొత్త రేకు వెల్డ్ చేయాలి, తర్వాత తుప్పు పట్టకుండా లోపల వ్యాక్స్ కొట్టాలి. మూసే ముందు ఫోటో తీసి పంపమనండి. పంపనన్నవాడికి కారివ్వొద్దు. మళ్ళీ చెప్తున్నా, ఫోటో లేకపోతే కారివ్వొద్దు.

కన్వర్టిబుల్ ఉన్నవాళ్ళు చేతులెత్తండి... ఆ, వదినగారూ, మీరూనా! ఆ వాన నీళ్ళ గొట్టాలు శుభ్రం చేస్కోడానికి గడ్డి కోసే మెషీన్ నైలాన్ తీగ ముక్కలు తెచ్చా, తలా ఒకటి తీస్కోండి. ఇనప తీగతో పొడవకండి, లోపల గొట్టం చిరుగుద్ది. ఈ నైలాన్ తీగతో మెల్లగా కదిలించి, ఒక గ్లాసు నీళ్ళు పోయండి, వెనక చక్రం ముందు కారితే సరే, కారకపోతే మళ్ళీ కదిలించండి. నా కారు పార్కింగ్‌లో ఆ చివర ఉంది, భోజనాలయ్యాక వస్తే చూపిస్తా, కింద పడుకోడానికి అట్టముక్క కూడా ఉంది.