బయట ఎంత కడిగినా మసక పోదేంటి బాబాయ్?

(విజయవాడ ఆటోనగర్‌లో బాబాయ్ షెడ్డులోనే రికార్డు చేశాం. మధ్యలో గ్రైండర్ మోత వినిపిస్తే సర్దుకోండి.)

నేను: అందరికీ నమస్తే. ఈసారి స్టూడియో లేదు, గీడియో లేదు. ఆటోనగర్‌లో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని మాట్లాడుతున్నా, పక్కన మా బాబాయ్. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కార్ల అద్దాల పనే చేస్తున్నాడు. బాబాయ్, ముందు నా గోడు విను.

బాబాయ్: చెప్పమ్మా, టీ వచ్చేలోపు చెప్పు.

నేను: నేను గుంటూరు నుంచి రోజూ బెజవాడ వచ్చి వెళ్తానా. ఎండాకాలంలో పొద్దున వచ్చేటప్పుడు సూర్యుడు ఎదురు. రోడ్డు అలా ఈశాన్యానికి పడింది, ఎవర్నని ఏం లాభం. మొన్న కాజా టోల్‌గేట్ దాటాక ఎదురెండ తగలగానే కారు ముందద్దం మొత్తం తెల్లగా అయిపోయింది, ముందు అరటి గెలల ఆటో ఒకటి బ్రేకు వేసిన సంగతి గెలలు బానెట్ దగ్గరికి వచ్చాక గానీ తెలియలేదు. కాళ్లు వణికాయి. ఆ భయంతో ఒక చోటికి తీసుకెళ్తే అద్దానికి పాలిష్ చేయాలన్నారు, 1,800 తీసుకున్నారు, మర్నాడు పొద్దున చూస్తే మళ్లీ అదే మసక!

బాబాయ్: పాలిష్ చేసే ఉంటారమ్మా, కాకపోతే బయట చేశారు. ఇందాక నీ కారు చూశాను, మసక లోపల ఉంది.

నేను: లోపల మసకేంటి బాబాయ్? ఏసీ వేసుకుని అద్దాలు ఎత్తే ఉంచుతాను కదా, దుమ్ము ఎలా వస్తుంది?

బాబాయ్: దుమ్మని ఎవరన్నారు. ఇదిగో టిష్యూ. నీళ్లేం వద్దు, స్టీరింగ్ వెనకాల అద్దం కింది మూల ఉంటుందే, అక్కడ గట్టిగా ఒక్కసారి లాగు.

నేను: ఆగండాగండి... వింటున్నవాళ్లకి చెప్తున్నా, తెల్ల టిష్యూ బూడిద రంగుకి వచ్చేసింది. వేలితో తాకితే జిడ్డు. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కల మీద ఉంటుంది చూడండి, అచ్చం దాని తమ్ముడిలా ఉంది. ఛీ.

బాబాయ్: అదీ. మే నెలలో బండి అద్దాలు మూసి ఎండలో పెడతారు కదా. డాష్‌బోర్డు ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి దాన్లో నూనెలాంటివి కలుపుతారు, ఆ వేడికి అవి కొంచెం కొంచెం ఆవిరై ఎదురుగా ఉన్న అద్దానికి పట్టుకుంటాయి. కొత్త కారు వాసన అని మురిసిపోతారే, అందులో ఇదీ ఉంది. ఇది చాలదన్నట్టు నెలకోసారి డాష్‌బోర్డు మెరవాలని సిలికాన్ పాలిష్ కొడతారు, అదీ పోయి అద్దం మీదే కూర్చుంటుంది. నీ కారులో ఇంకోటి కూడా ఉందమ్మా.

నేను: ఏంటది?

బాబాయ్: అమ్మవారి బొమ్మ ముందు అగరబత్తి.

నేను: శుక్రవారం ఒక్క రోజే బాబాయ్!

బాబాయ్: ఏడాదికి ఎన్ని శుక్రవారాలో లెక్కేసుకో. ఆ పొగంతా ఎటు పోతుంది? మామూలు వెలుతుర్లో ఈ పొర కంటికి ఆనదు. ఎండో, ఎదురు లారీ హెడ్‌లైటో సూటిగా పడిందా, ఆ వెలుతురు పొర మీద చెదిరి అద్దమంతా పరుచుకుంటుంది. కళ్లజోడు మార్చాలేమో అని డాక్టరు దగ్గరికి పోయినవాళ్లున్నారు, నేను చూశాను.

నేను: సరే, తీసేదెలా? ఇంట్లో చేసుకునేటట్టు చెప్పు.

బాబాయ్: బండి నీడలో పెట్టి, అద్దం చల్లబడనివ్వు. వేడి అద్దం మీద ఏం కొట్టినా తుడిచేలోపే ఆరి చారలు పడతాయి. రెండు మైక్రోఫైబర్ గుడ్డలు కావాలి, ఒకటి తడిపేది, ఒకటి పొడిగా తుడిచేది, ఒక్కదానితోనే కానిచ్చేద్దామంటే జిడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి పోతుందంతే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అదే జిడ్డు తీసే స్పిరిట్, తెచ్చుకుని సగానికి సగం మంచినీళ్లు కలుపు, బండి తలుపులు తీసిపెట్టుకో, దగ్గర్లో దీపం, అగ్గిపుల్ల ఉండకూడదు. గుడ్డ మీద కొట్టుకో, అద్దం మీద నేరుగా కొడితే కారి డాష్‌బోర్డు సందుల్లోకి పోతుంది. ఇంకో చిట్కా, లోపల అడ్డంగా తుడువు, బయట నిలువుగా తుడువు. చివర్లో చార మిగిలితే అది ఎటు ఉందో చూస్తే తెలిసిపోతుంది, లోపలిదో బయటిదో వెతుక్కోనక్కర్లేదు.

నేను: ఇది భలే ఉంది.

బాబాయ్: కింద అద్దం, డాష్‌బోర్డు కలిసే మూలకి చెయ్యి పట్టదు. అరచేతిని పైకి తిప్పి, వేళ్ల వెనక వైపు గుడ్డ పెట్టి తొయ్యి, అందుతుంది. అందరూ వదిలేసేది ఆ మూలే, జిడ్డు ఎక్కువుండేదీ అక్కడే.

నేను: బయట సంగతి? నాకు చుక్కలు చుక్కలుగా తెల్ల మచ్చలు కూడా ఉన్నాయి.

బాబాయ్: మీ అపార్టుమెంట్‌లో బోరు నీళ్లతో కడుగుతారు కదూ? బకెట్టులో వేసే వాటర్ హీటర్‌కి తెల్లగా పెచ్చు కడుతుంది చూశావా, అదే సరుకు. కాల్షియం, మెగ్నీషియం. ఇత్తడి చెంబుకి చింతపండు ఎందుకు రుద్దుతాం? పులుపు కోసమే కదా. ఇక్కడ తెల్ల వెనిగర్, సమానంగా నీళ్లు కలిపి, గుడ్డ తడిపి మచ్చల మీద ఐదు నిమిషాలు పరిచి ఉంచు. పెయింటు మీదకి కారనివ్వకు, తర్వాత బాగా కడిగేసెయ్. మచ్చ కొత్తదైతే పోతుంది. ఏళ్ల తరబడి ఎండలో కాలి అద్దాన్నే తినేసిన మచ్చ ఉంటుంది, అది వెనిగర్‌కి లొంగదు. అప్పుడు రావాలి నా దగ్గరికి.

నేను: అప్పుడు నువ్వేం చేస్తావ్?

బాబాయ్: సీరియం ఆక్సైడ్ అని, అద్దాలు పాలిష్ చేసే పొడి వాడతాం. నీళ్లతో గట్టి పెరుగంత చిక్కగా కలిపి, ఫెల్ట్ ప్యాడ్‌తో, అంటే ఉన్ని అదిమి చేసిన మెత్త, మెషిను తక్కువ స్పీడులో తిప్పుతాం. తడి ఆరకూడదు, నీళ్లు కొడుతూనే ఉండాలి, మధ్యమధ్యలో చెయ్యి పెట్టి చూస్తాం. వేడెక్కితే ఆపెయ్యాలి, లేకపోతే అద్దం చిట్లుతుంది. గోరుతో అడ్డంగా గీసి చూస్తే గోటికి తగిలేంత లోతు గీత మాత్రం నేను ముట్టుకోను.

నేను: డబ్బులిస్తానన్నా?

బాబాయ్: ఇచ్చినా సరే. ఆ గీత పోవాలంటే అక్కడ చుట్టూ అద్దం అరగదీయాలి, అరిగితే చిన్న గుంట పడుతుంది, దాన్లోంచి చూస్తే ఎదుటి లారీ నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంది. డ్రైవరు కళ్ల ముందు అలాంటిది పెట్టి పంపిస్తే నాకు రాత్రి నిద్రపట్టదు. ఆ బండికి అద్దం మార్చుకోవడమే. పళ్ల పేస్టుతో గీతలు పోతాయని వీడియోలు చూసి వస్తారు కొందరు, పళ్లు తోముకోండయ్యా దాంతో అంటాను.

నేను: (నవ్వు) వైపర్ల గురించి అడగనే లేదు.

బాబాయ్: నీకు వైపర్ల సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నా, ఆడపిల్లవి...

నేను: బాబాయ్! అమెరికాలో 1903లో వైపర్‌కి పేటెంట్ తీసుకుందే ఆడమనిషి, మేరీ ఆండర్సన్ అని.

బాబాయ్: అవునా? సర్లే, మాట వెనక్కి తీసుకున్నా. మన ఎండలకి రబ్బరు గట్టిపడిపోతుంది, జూన్ వానలకి ముందే మార్చెయ్. మార్చేదాకా వారానికోసారి లేపి తడిగుడ్డతో రబ్బరు అంచు తుడువు, నల్లగా వస్తుంది. అన్నిటికన్నా చెడ్డ అలవాటు చెప్పనా, దుమ్ము పట్టిన అద్దం మీద పొడిగా వైపర్ తిప్పడం. నీ అద్దం మీద ధనుస్సులా సన్నగీతలు అలా పడ్డవే. ముందు నీళ్లు కొట్టు, తర్వాత తిప్పు. ఆ వైపర్ నీళ్ల డబ్బాలో కూడా బోరు నీళ్లు పోయకు, నాజిల్ మూసుకుపోతుంది. ఇంట్లో ఏసీ నుంచి కారే నీళ్లు వడగట్టి పోసుకో, ఖర్చు లేదు.

నేను: మరి నేను ఆ 1,800...

బాబాయ్: దాని మాట వదిలెయ్. కుర్రాడు గుడ్డలు తెచ్చాడు, నువ్వే తుడువు, నేను చూస్తూ ఉంటా. ఆ అగరబత్తి స్టాండు తీసి డిక్కీలో పెట్టు ముందు.

నేను: అమ్మవారు ఏమీ అనుకోదంటావా?

బాబాయ్: ఆవిడకి కూడా రోడ్డు కనపడాలి కదమ్మా. టీ చల్లారిపోతోంది, ఆ మైకు కట్టెయ్.