జర్మనీ హైవేలో అంబులెన్స్ రాకముందే దారి ఇస్తారు, అమ్మా ఇది నీ కోసమే

అందరికీ నమస్కారం. వెనక వినిపిస్తున్న హోరంతా బండ్లది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయానికి దక్షిణాన, అడవి మధ్యలోంచి వెళ్ళే ఏ5 హైవే మీద ఒక వంతెనపై నిలబడి ఉన్నాను. శుక్రవారం, సాయంత్రం నాలుగు దాటింది. అమ్మ కోసం ఒక దృశ్యం తీయాలని వచ్చాను. అది దొరికేదాకా మీతో మాట్లాడుతూ ఉంటాను.

పోయిన నెల డార్మ్‌స్టాట్‌లో స్నేహితురాలి సీమంతానికి వెళ్తూ ఇదే రోడ్డు మీద గంటన్నర ఆగిపోయాం. ముందు ఎక్కడో రెండు లారీలు గుద్దుకున్నాయి. ఇంజను ఆపేశాక మావారు పక్క సీట్లోంచి ఒక ఫొటో తీసి అమ్మకు పంపారు. మేము వెళ్ళే వైపే నాలుగు వరుసల రోడ్డు. ఎడమ చివరి వరుసలోని కార్లన్నీ ఎడమ అంచుకు, మిగతా మూడు వరుసలూ కుడివైపుకు ఒరిగి, మధ్యలో లారీ పట్టేంత దారి కనుచూపు మేర ఖాళీగా ఉంది. అమ్మ వెంటనే ఫోను చేసింది. "అంత రద్దీలో మధ్యన అంత చోటు వదిలేశారేమిటే? మంత్రిగారు ఎవరైనా వస్తున్నారా?"

ఎవరూ రావడం లేదమ్మా. అప్పటికి సైరన్ కూడా వినిపించలేదు. నాకు ఈ దేశంలో అన్నిటికన్నా నచ్చిన విషయం అదే.

దీన్ని ఇక్కడ రెట్టుంగ్స్‌గాస్సె అంటారు. రెట్టుంగ్ అంటే కాపాడడం, గాస్సె అంటే సందు. హైవే మీద బండ్లు నడక వేగానికి పడిపోయాయంటే చాలు, ప్రమాదం జరిగిందో లేదో తెలియకపోయినా ఈ సందు తీయాల్సిందే. మీ కుడి చేతిని అరచేయి కిందికి ఉండేలా చాపండి. బొటనవేలు ఎడమ చివరి వరుస. మిగతా వేళ్ళు మిగిలిన వరుసలు, ఎన్ని ఉన్నా సరే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్నదే సందు. 2016 చివరిదాకా ఇలాంటి నాలుగు వరుసల రోడ్డు మీద సందు సరిగ్గా నడిమధ్యన తీసేవారు. జనం తికమక పడుతున్నారని అన్ని రోడ్లకూ ఒకటే పద్ధతి పెట్టారు.

ముందే ఎందుకు తీయాలో ఆ రోజు కారులో కూర్చున్నాకే నాకు పూర్తిగా అర్థమైంది. బండ్లు ఒకదాని వెనుక ఒకటి ఆనుకుని ఆగిపోయాక పక్కకు జరగాలంటే ముందూ వెనుకా చోటు ఉండదు. కదులుతున్నప్పుడే జరగాలి. మరి పక్కనే అంచు దారి ఉంది కదా, అంబులెన్స్ అందులోంచి పోవచ్చు కదా అని మా బావగారు అడిగారు. ఆ అంచున చెడిపోయిన బండ్లు ఆగి ఉంటాయి బావగారూ. పైగా అన్ని చోట్లా ఆ దారి ఉండదు, కొన్ని చోట్ల రద్దీ వేళల్లో దాన్నే మామూలు వరుసగా తెరుస్తారు.

ఇక్కడ గాలి చాలా చల్లగా ఉంది. మా అబ్బాయికి టోపీ పెట్టి వస్తాను. వాడికి ఐదేళ్ళు. కింద కార్ల కన్నా పైన దిగే విమానాలే వాడికి ఇష్టం. ఒక్కొక్కటి దాటినప్పుడల్లా "అమ్మా, ఇది తెనాలి వెళ్తుందా?" అని అడుగుతాడు. తెనాలిలో విమానాలు దిగవని ఇంతవరకు చెప్పలేదు. చెప్పాలనిపించలేదు.

జరిమానా సంగతి చెప్పాలి. సందు తీయనివారికి కనీసం 200 యూరోలు. యూరో వంద రూపాయలు అనుకుంటే 20 వేలు. దానితో పాటు ఒక నెల బండి నడపకూడదు, లైసెన్సు ఖాతాలో 2 పాయింట్లు పడతాయి, మొత్తం 8 అయితే లైసెన్సే పోతుంది. ఆ సందులో తమ బండిని దూర్చి ముందుకు పోయేవారికి కనీసం 240 యూరోలు, అంటే 24 వేలు. మోటారు సైకిలు వాళ్ళకూ మినహాయింపు లేదు. ఇదివరకు సందు తీయకపోతే 20 యూరోలే ఉండేది. 2017 జూలైలో బవేరియా రాష్ట్రంలో ఏ9 హైవే మీద పెద్దవాళ్ళను విహారయాత్రకు తీసుకెళ్తున్న బస్సు లారీ వెనుక భాగాన్ని గుద్దుకుని కాలిపోయింది. 18 మంది చనిపోయారు. అక్కడికి వెళ్ళే సహాయక బండ్లకు కొందరు దారి ఇవ్వలేదు. అదే ఏడాది అక్టోబరులో జరిమానా పదింతలైంది. అంటే ఇక్కడివాళ్ళు పుట్టుకతో క్రమశిక్షణ గలవారని, మనవాళ్ళు కారని నేను అనను. మన దగ్గర కూడా 2019 చట్ట సవరణతో అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే 10 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. చాలామందికి తెలియదు.

నాకు ఇదంతా లైసెన్సు పరీక్ష కోసం చదివినప్పుడు తెలిసింది. మన లైసెన్సు ఇక్కడ ఆరు నెలలే చెల్లుతుంది. తరువాత రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ రాయాలి. దానికి ముందు ప్రథమ చికిత్స శిక్షణ తప్పనిసరి. ఒక రోజంతా బొమ్మ గుండెల మీద రెండు చేతులతో నొక్కుతూ లెక్కపెట్టాం. అన్నీ కలిపి నాకు 1,900 యూరోలైంది, మన డబ్బులో దాదాపు రెండు లక్షలు. ఆ డబ్బుతో ఊళ్ళో మంచి సెకండ్ హ్యాండ్ కారు వచ్చేదని నాన్న బాధపడ్డారు. నాకు మాత్రం బాధ లేదు. మా శిక్షకుడు నేర్పిన ఒక్క మాట ఆ డబ్బుకు సరిపోయింది: సైరన్ వినగానే బ్రేకు తొక్కకు, ముందు అద్దంలో చూసి శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలుసుకో. ఊళ్ళో ఎర్ర సిగ్నల్ దగ్గర ఉన్నా సరే, జాగ్రత్తగా గీత దాటి పక్కకు జరిగి, అక్కడే ఆగాలి.

పోయిన నెల ఆ రోజు అంబులెన్స్ వెళ్ళిన వీడియో ఎందుకు పెట్టలేదని మీలో కొందరు అడిగారు. స్టీరింగ్ ముందు నేనే ఉన్నాను, ఫోను ముట్టుకోలేదు. ప్రమాదం జరిగిన చోటు దాటేటప్పుడు మావారు కూడా ఫోను సంచిలో పెట్టేశారు. నిస్సహాయంగా పడి ఉన్నవారిని ఫొటో, వీడియో తీయడం ఇక్కడ నేరం. నేరం కాకపోయినా తీసేవాళ్ళం కాదు.

సైరన్ అంటే నాకు వేరే జ్ఞాపకం ఉంది. 2018లో నాన్నకు గుండెపోటు వచ్చింది. తెనాలి నుంచి గుంటూరుకు 108లో తీసుకెళ్తుంటే అమ్మ ఫోను పెట్టేయకుండా ఒళ్ళో పెట్టుకుంది. నాకు ఇక్కడ ఇంకా తెల్లవారలేదు. మాటలు లేవు, సైరన్ ఒక్కటే ముప్పావుగంట విన్నాను. గుంటూరు ఊళ్ళోకి వచ్చాక బండి కదలలేదు. శబ్దం ఒకే చోట నిలబడిపోయినట్టు ఉంది. అప్పుడు స్కూటర్ మీద వెళ్తున్న ఒక కుర్రవాడు దిగి, అంబులెన్స్ ముందు పరుగెత్తుతూ, కార్ల మీద చరుస్తూ, ఆటోలను పక్కకు జరిపిస్తూ ఆసుపత్రి మలుపు దాకా వచ్చాడట. అతనెవరో మాకు తెలియదు. అమ్మ ఇప్పటికీ శనివారం గుడిలో గోత్రం, పేరు తెలియని ఆ పిల్లవాడి క్షేమం కోసం అర్చన చేయిస్తుంది. నాన్న ఇప్పుడు బాగున్నారు. ఆ ప్రయాణానికి మాకు ఒక్క రూపాయి కాలేదు. ఇక్కడైతే బీమా ఉన్నా అంబులెన్స్ ఎక్కితే 10 యూరోలు మనం కట్టాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 గురించి ఇక్కడివాళ్ళకు గర్వంగా చెబుతాను నేను.

ఆ కుర్రవాడు పరుగెత్తి చేసిన పనినే ఇక్కడ వెయ్యి కార్లవాళ్ళు కూర్చున్నచోట నుంచి, ఎవరి కోసమో తెలియకుండానే చేస్తున్నారు కదా అని ఆ రోజు స్టీరింగ్ పట్టుకుని అనుకున్నాను. అంబులెన్స్ నీలి దీపం అద్దంలో కనిపించింది. మా కారు పక్కనుంచి, బహుశా రెండడుగుల దూరంలో, వేగం తగ్గకుండా వెళ్ళిపోయింది. వెనకాల అగ్నిమాపక బండి, తరువాత పోలీసులు, చివరికి లారీలను లాగే క్రేను. ఒకటి వెళ్ళింది కదా అని ఎవరూ సందు మూసేయలేదు. సీమంతానికి తీసుకెళ్తున్న పులిహోర డబ్బా తెరిచి వెనక సీట్లో అబ్బాయికి పెట్టాం.

ఆగండి, కింద ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి. దూరంగా, ఆ బోర్డు దగ్గర. నెమ్మదిస్తున్నాయి. కెమెరా తిప్పుతున్నాను, నంబరు పలకలు తరువాత మసక చేస్తాను. అమ్మా, ఎడమ వరుసలో ఆ తెల్ల కారు చూడు. అంచుకు జరుగుతోంది. దాని వెనకది కూడా. ఇటు లారీ కుడికి వెళ్తోంది. సైరన్ ఎక్కడా లేదు, చెవి పెట్టి విను. అదిగో, తెరుచుకుంటోంది.