ఎనిమిది చేతుల బుద్ధి

శ్రోతలకు నమస్కారం.

మనిషి నీటిలోకి చెయ్యి దించితే ఆక్టోపస్ పారిపోకుండా ఆ చేతి దగ్గరికే వస్తుందని, కనుక అది తెలివితక్కువ ప్రాణి అని అరిస్టాటిల్ దాదాపు 2,300 ఏళ్ల కిందట రాశాడు. ఆయన చూసినది నిజమే, చేసిన తీర్పే తప్పు. ఆక్టోపస్ అలా దగ్గరికి రావడం తెలివితక్కువతనం కాదు, కుతూహలం. దాని చేతుల పొడవునా బారులు తీరి ఉండే చూషకాలకు, అంటే అంటుకుని పట్టుకునే గుండ్రటి గిన్నెల్లాంటి భాగాలకు, పట్టుకునే బలంతోపాటు రుచి తెలుసుకునే శక్తి కూడా ఉంది. కంటికి ఆనని రాతి పగులులోకి చెయ్యి దూర్చినా, అక్కడ తగిలినది రాయో పీతో ఆ చేతికే తెలిసిపోతుంది. మనిషి వేలిని చుట్టుకున్న ఆక్టోపస్ ఆ వేలిని తాకి చూస్తున్నది, అదే క్షణంలో రుచి కూడా చూస్తున్నది.

ఇటలీలోని నేపుల్స్ నగరంలో 1872లో స్థాపించిన సముద్రజీవ పరిశోధన కేంద్రం ఒకటి ఉంది. పీటర్ డ్యూస్ అనే శాస్త్రవేత్త అక్కడ మూడు ఆక్టోపస్‌లకు మీట లాగితే దీపం వెలిగి, చేపముక్క దొరికే పద్ధతిని నేర్పడానికి ప్రయత్నించి, ఆ ఫలితాలను 1959లో ప్రచురించాడు. ఆల్బర్ట్, బెర్ట్‌రమ్ అని పేర్లు పెట్టిన రెండూ బుద్ధిగా నేర్చుకున్నాయి. మూడోదైన ఛార్లెస్ కూడా నేర్చుకున్నది కానీ, కొన్ని చేతులతో తొట్టి గోడను పట్టుకుని, మిగిలిన చేతులతో మీటను బలంకొద్దీ లాగి వంచేది, పదకొండో రోజున విరిచే వేసింది. పైన వేలాడుతున్న దీపాన్ని నీళ్లలోకి లాక్కునేది, దగ్గరికి వచ్చిన వారి మీద నీళ్లు చిమ్మేది. ఛార్లెస్ విషయంలో ఈ ప్రయోగం విఫలమైందని అనుకోవచ్చు. నాకు మాత్రం మూడింటిలో ఎక్కువ విషయం చెప్పినది ఛార్లెసే అనిపిస్తుంది. ఒకే జాతి ప్రాణులకు ఒకే పాఠం చెబితే, ఒక్కొక్కటి ఒక్కొక్క స్వభావంతో జవాబు చెప్పింది. స్వభావం అనే మాటను మనం రాళ్లకూ యంత్రాలకూ వాడం కదా.

అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో జరిపిన మరో పరిశీలనను 2010లో ప్రచురించారు. ఒకే రకమైన దుస్తులు వేసుకున్న ఇద్దరిలో ఒకరు రోజూ ఆహారం పెట్టారు, మరొకరు గరుకు కర్రతో పొడిచారు. రెండు వారాలు గడిచేసరికి ఆ పెద్ద ఆక్టోపస్‌లు నీటి అడుగునుంచే మనిషిని పోల్చుకుని, ఆహారం పెట్టేవారి వైపు రావడం, పొడిచేవారికి దూరంగా జరగడం మొదలుపెట్టాయి.

ఇటువంటి ప్రాణిని చూసినప్పుడు ఇది ఈ భూమికి చెందినదేనా అన్న ఊహ కలగడం సహజమే. మూడు గుండెలు, రాగి ఉన్న పదార్థం వల్ల నీలంగా ఉండే రక్తం, అన్నవాహిక చుట్టూ ఉంగరంలా అమరిన మెదడు, ఒక్క రెప్పపాటులో మారిపోయే ఒంటి రంగు, ఇవన్నీ ఆ ఊహను బలపరుస్తాయి. 2015లో ఆక్టోపస్ జన్యుక్రమం మొదటిసారి వెలువడినప్పుడు అందులో సుమారు 33,000 జన్యువులు లెక్కకు వచ్చాయి, మనిషికి ఉన్నవి దాదాపు 20,000 మాత్రమే. ఆ పరిశోధకుల్లో ఒకరైన క్లిఫ్టన్ రాగ్స్‌డేల్, ఆక్టోపస్ గ్రహాంతరవాసి అని మార్టిన్ వెల్స్ అనే జంతుశాస్త్రజ్ఞుడు లోగడ అన్న మాటను గుర్తుచేసి, ఆ అర్థంలో తాము గ్రహాంతరవాసి జన్యుక్రమాన్నే మొదటిసారి చదివామని అన్నారు. అది చమత్కారం. పత్రికలు దాన్ని వార్తగా చేశాయి.

మూడేళ్లకు, 2018లో, ఖగోళ శాస్త్రవేత్త చంద్ర విక్రమసింఘేతో సహా ముప్పైమందికి పైగా రచయితలు కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. జీవబీజాలు అంతరిక్షం నుంచి భూమి మీద పడుతూ ఉంటాయని విక్రమసింఘే, మరో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ 1970ల నుంచీ వాదించారు. ఆ వాదాన్నే సాగదీసి, మంచులో గడ్డకట్టి నిద్రాణంగా ఉన్న ఆక్టోపస్ గుడ్లు కోట్ల సంవత్సరాల కిందట అంతరిక్ష శకలాలతో వచ్చి మన సముద్రాల్లో పడి ఉండవచ్చని ఈ వ్యాసం ఊహించింది.

ఊహించడం తప్పు కాదు. కానీ ఊహకు పరీక్ష పెట్టే సాక్ష్యం మన చేతిలోనే ఉంది. ఆక్టోపస్ దేహంలోని ప్రతి కణమూ మనలోనూ మొక్కల్లోనూ ఉన్న డీఎన్ఏ లిపితోనే రాసి ఉంది. దాని జన్యువులు నత్తలు, ఆల్చిప్పలు, ఇతర మొలస్కా జీవుల (మెత్తని దేహమున్న, వెన్నెముక లేని జీవుల) జన్యువులతో ఇంటివారితో పోలినట్టు పోలుతాయి. దాన్ని విశేషంగా నిలబెట్టే వాటిలో ప్రోటోకాడ్‌హెరిన్లు అనే జన్యువుల కుటుంబం ఒకటి, నాడీకణాల మధ్య బంధాలు ఏర్పడటంలో వీటికి పాత్ర ఉంది. ఆక్టోపస్‌లో ఇవి 168 ఉన్నాయి, క్షీరదాల్లో ఉన్నవాటికి రెట్టింపుకు పైగా. గమనించవలసినది ఏమిటంటే, ఈ కుటుంబం మనలోనూ ఉంది. నిజంగా మరో లోకం నుంచి వచ్చిన ప్రాణికి ఇక్కడ బంధువులు ఉండకూడదు. ఆక్టోపస్‌కు దగ్గరివారు కటిల్‌ఫిష్, స్క్విడ్, గుల్ల మోసుకుతిరిగే నాటిలస్. ఆ వంశపు తొలి గుల్లలు సుమారు 50 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో దొరికాయి. మనకూ దానికీ కూడా చుట్టరికం ఉంది, చాలా దూరపుదే అయినా. దాదాపు 60 కోట్ల ఏళ్ల కిందట బతికిన ఒక చిన్న పురుగులాంటి జీవి ఇద్దరికీ ముత్తాత.

నన్ను ఆశ్చర్యంలో ముంచేది అంతరిక్షపు గుడ్ల కంటే ఈ చుట్టరికమే. ఆ పురుగుకు చెప్పుకోదగిన మెదడు లేదు. మహా అయితే వెలుగూ చీకటీ తెలిసే మచ్చలు ఉండి ఉంటాయి. అక్కడ విడిపోయిన రెండు దారుల్లో ఒకటి వెన్నెముక వైపు, మరొకటి గుల్ల వైపు సాగాయి. అయినా రెండు చోట్లా కటకమూ నేత్రపటలమూ ఉన్న కన్ను విడివిడిగా తయారైంది. మన కంట్లో నరాలు నేత్రపటలం ముందునుంచి వచ్చి, ఒక చోట దాన్ని చీల్చుకుని వెనక్కి పోతాయి కనుక అక్కడ చూపు లేని చుక్క మిగిలింది. ఆక్టోపస్ నరాలు మొదటినుంచీ వెనకే ఉన్నాయి, దానికి ఆ లోపం లేదు. ఒకే లెక్కను ఇద్దరు వేరువేరు దారుల్లో చేసి ఒకే జవాబుకు వచ్చారు, ఒకరి లెక్క కొంచెం శుభ్రంగా ఉంది. బుద్ధి విషయంలోనూ ఇదే జరిగింది. గుల్లను వదులుకున్న మెత్తని దేహాన్ని ఎవరైనా తినగలరు కనుక, దాగడానికీ వేటాడటానికీ తెలివే కవచమైందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఆ తెలివి ఎక్కడ ఉంది అన్న ప్రశ్న దగ్గర మరో విచిత్రమైన ఊహ మొదలవుతుంది. సాధారణ ఆక్టోపస్‌కు సుమారు 50 కోట్ల నాడీకణాలు ఉంటే, వాటిలో మూడింట రెండు వంతులు మెదడులో కాక చేతుల్లోనే ఉన్నాయి. తెగిపోయిన చెయ్యి సైతం కొంతసేపు, బాధ కలిగించే తాకిడి నుంచి వెనక్కి ముడుచుకుంటుంది. మరి ఆక్టోపస్‌లో ఉన్నది ఒక్క ‘నేను’ మాత్రమేనా, లేక మెదడుదొకటి, చేతులవి ఎనిమిది, మొత్తం తొమ్మిది ‘నేను’లు కలిసి కాపురం చేస్తున్నాయా? తత్వవేత్తలు దీన్ని ఆడుకునే ప్రశ్నగా కాక నిజమైన ప్రశ్నగానే అడుగుతున్నారు. 2011లో ప్రచురించిన ఒక ప్రయోగం దీనికి కొంత జవాబు ఇచ్చింది: పారదర్శకమైన చిక్కుదారి పెట్టెలో ఏ దారిన ఆహారం ఉందో కళ్లతో చూసి, ఆక్టోపస్ తన చేతిని ఆ దారిలోకే నడిపింది. అంటే కేంద్రం నుంచి ఆజ్ఞ వెళ్తుంది. అయితే ఆ చెయ్యి ప్రతి వంపునూ ఎలా తిరగాలో చాలావరకు తానే నిర్ణయించుకుంటుంది. దీన్ని యజమానీ సేవకుడూ అనడం కంటే, పల్లవి అందించేవారూ దాన్ని సొంతంగా అల్లుకుపోయేవారూ అనడం నాకు సరిగా తోస్తుంది.

ఇంతటి బుద్ధికి దొరికిన కాలం మాత్రం చాలా తక్కువ. సాధారణ ఆక్టోపస్ ఒకటి రెండేళ్లు, పసిఫిక్ పెద్ద ఆక్టోపస్ మూడు నుంచి ఐదేళ్లు బతుకుతాయి. మగది జతకట్టిన కొన్నాళ్లకే చనిపోతుంది. ఆడది గుడ్లు పెట్టి, వాటి మీదికి నీరు ఊదుతూ, మురికి తుడుస్తూ, ఆహారం మానేసి కాపలా కాస్తుంది. 1977లో జెరోమ్ వోడిన్‌స్కీ అనే పరిశోధకుడు గుడ్లు పెట్టిన ఆక్టోపస్‌లకు కళ్ల దగ్గరున్న గ్రంథులు తొలగించి చూశాడు. అవి గుడ్లను వదిలేసి, మళ్లీ తినడం మొదలుపెట్టి, మామూలు కంటే ఎక్కువ కాలం బతికాయి. చావు దాని దేహంలోనే గడియారంలా బిగించి ఉందన్నమాట. అందుకే, ఇవి ఎక్కువ కాలం బతికి, నేర్చినది పిల్లలకు చెప్పగలిగితే సముద్రంలో ఒక నాగరికత పుట్టేదా అని ఊహించేవారు ఉన్నారు. ఆ ఊహను నేను తేలికగా తీసిపారేయలేను.

కాలిఫోర్నియా తీరంలో మాంటెరీ దగ్గర, సుమారు 1,400 మీటర్ల లోతున, పరిశోధకులు ఒక తల్లి ఆక్టోపస్‌ను రాతికి అంటుకున్న గుడ్ల మీద 2007లో చూశారు. తిరిగి వెళ్లిన ప్రతిసారీ అది అక్కడే ఉంది. రంగు పాలిపోయింది, కళ్లు మసకబారాయి, చర్మం వదులైంది. ఎదురుగా పీతలు తిరుగుతున్నా అది తినడం వాళ్లకు ఒక్కసారీ కనబడలేదు. 53 నెలల తరవాత వెళ్లినప్పుడు తల్లి లేదు, రాతి మీద చిరిగిన ఖాళీ గుడ్డు పొరలు ఉన్నాయి. పిల్లలు అప్పటికే చీకట్లోకి వెళ్లిపోయాయి.