బండి మిస్ కొడుతుంటే

శ్రోతలకు నమస్కారం.

ముందు ఒక శబ్దం గురించి చెబుతాను. నాలుగు సిలిండర్ల పెట్రోలు మినీ ట్రక్కును స్టార్టు చేసి, వెనక్కి వెళ్లి సైలెన్సరు గొట్టం దగ్గర నిలబడండి. ఇంజను బాగుంటే గాలి ఒకే ఊపులో తోస్తూ ఉంటుంది. ఒక సిలిండరు పనిచేయకపోతే వరస తప్పుతుంది. దబ్ దబ్ దబ్, ఒక ఖాళీ. మళ్లీ దబ్ దబ్ దబ్, ఒక ఖాళీ. సీట్లో కూర్చుంటే ఒక కోడు పొట్టిగా ఉన్న మంచం మీద కూర్చున్నట్టు బండి ఊగుతుంది. దీన్నే షెడ్లలో మిస్సింగ్ అంటారు. బండి మిస్ కొడుతోంది అంటారు.

పెద్ద లారీల డ్రైవర్లు ఎవరైనా వింటుంటే ఒక మాట. మీది డీజిలు. అందులో నిప్పురవ్వ కొట్టి పెట్రోలును అంటించే స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. కొన్ని డీజిలు బండ్లకు హీటరు ప్లగ్గు ఉంటుంది గానీ, అది చల్లటి ఇంజను స్టార్టు కావడానికి సాయం చేస్తుంది, నిప్పురవ్వ కొట్టదు. కాబట్టి ఇవాళ్టి మాటలు పెట్రోలు, సీఎన్‌జీ మినీ ట్రక్కుల వాళ్లకు.

పొదలకూరు వైపు నుంచి నెల్లూరుకు నిమ్మకాయల లోడు తోలే అబ్బాయి ఒకడు ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు. ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. ఖాళీ బండి బాగానే పోతోందట. లోడు పడ్డాక, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు జర్కులు. మీటరు దగ్గర ఇంజను బొమ్మ లైటు వెలుగుతోంది.

"ప్లగ్గులు చూశావా?" అన్నాను.

"ఏందన్నా, నాలుగుకి నాలుగూ మొన్ననే కొత్తవి ఏపిచ్చినా గదా! రెండు రోజులు బానే ఉండింది. మళ్లా మొదలు."

అప్పటికే ఇద్దరు మెకానిక్కులకు చూపించాడు. ఒకాయన ప్లగ్గులకు కరెంటు పంపే నాలుగు కాయిల్స్ మార్చాలన్నాడట. ఇంకొకాయన పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లన్నాడట. ఇంజను విప్పి చూద్దాం అన్న మాట కూడా వచ్చిందట. ప్లగ్గుల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. మొన్ననే మార్చారు కదా!

బండి కంప్యూటరు ఏం చెబుతోందో చదివే స్కానరు పెట్టి చూశాను. పి0303 అని తప్పు కోడు వచ్చింది. పి030 తర్వాత వచ్చే చివరి అంకె సిలిండరు నంబరు. అంటే మూడో సిలిండరు మిస్ అవుతోంది. పి0300 అని వస్తే ఒక్కదాంట్లో కాదు, అక్కడా ఇక్కడా మిస్ అవుతోందని. ఇక్కడే చాలామంది పొరపడతారు. స్కానరు ఏ సిలిండరో చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఇంకోసారి చెబుతున్నాను, ఏ సిలిండరో చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఆ 'ఎందుకో'ను మనమే పట్టుకోవాలి. అందుకు కొత్త సామాను కొనక్కర్లేదు. బండిలో ఉన్నవే అటూ ఇటూ మార్చి చూడాలి.

ఇంజను ఆపి, మూడో సిలిండరు కాయిల్ తీసి రెండోదానికి పెట్టాను. రెండోదాన్ని మూడోదానికి పెట్టాను. స్కానరులో పాత కోడు చెరిపేసి, నిమ్మకాయల బస్తాలు దించనివ్వకుండా ఫ్లైఓవర్ మీదికి తోలించాను. అక్కడే కదా తప్పు కనపడేది, ఖాళీ బండిలో ఏం దొరుకుతుంది? జర్కు వచ్చింది. కోడు మళ్లీ 0303. అంటే కాయిల్ చోటు మారినా తప్పు మారలేదు. కాయిల్ పాపం నిర్దోషి. ఆ అబ్బాయికి అక్కడికే నాలుగు కాయిల్స్ డబ్బు మిగిలింది.

ఇప్పుడు ప్లగ్గులు. ఇంజను చల్లారేదాకా ఆగి, మూడో ప్లగ్గును రెండోదాంట్లో, రెండోదాన్ని మూడోదాంట్లో పెట్టాను. మళ్లీ ఫ్లైఓవర్. మళ్లీ జర్కు. ఈసారి కోడు 0302.

ప్లగ్గు ఎటు పోతే తప్పు అటు పోయింది!

"కొత్త ప్లగ్గన్నా అది!" అన్నాడు. కొత్తదే. తీసి టార్చి వెలుగులో తిప్పితే తెల్ల పింగాణీ మీద వెంట్రుకంత నల్ల గీత కనిపించింది. వేసినప్పుడు ప్లగ్గు స్పానరు కాస్త వంకరగా తిరిగి ఉంటుంది, పింగాణీ నెర్రె బారింది. కాయిల్ నుంచి వచ్చే కరెంటు చిన్నది కాదు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి తీసుకుని కాయిల్ దాన్ని 20 వేల వోల్టులు దాటిస్తుంది. అంత కరెంటుకు వెంట్రుకంత దారి చాలు. ఖాళీ బండిలో సిలిండరు లోపల ఒత్తిడి తక్కువ, రవ్వ ప్లగ్గు మూతి దగ్గరి గ్యాపులో దూకేది. లోడు పడితే ఒత్తిడి పెరుగుతుంది, గ్యాపులో దూకడం కష్టమవుతుంది. అప్పుడు కరెంటు ఆ నెర్రె వెంట పక్కకు జారిపోయేది. ఖాళీగా బాగుండి, లోడు మీద మిస్ కొట్టడానికి కారణం ఇదే.

ఒక్క ప్లగ్గు మార్చాం, అంతే.

ప్లగ్గూ, కాయిలూ రెండూ అటూ ఇటూ మార్చి చూసినా తప్పు మూడోదాంట్లోనే ఉండిపోతే, అప్పుడు ఇంజెక్టరు చూడాలి, కంప్రెషన్, అంటే సిలిండరులో ఒత్తిడి సరిగా పుడుతోందా అనేది చూడాలి. అప్పుడు మెకానిక్కు ఇంజను మాట ఎత్తినా అర్థం ఉంది. ముందే ఎత్తితే మాత్రం "కాయిల్ అటూ ఇటూ మార్చి చూశారా?" అని అడగండి.

మా చిన్నప్పుడు ఇంజను తిరుగుతుండగానే ఒక్కో ప్లగ్గు వైరు పీకి, శబ్దం మారుతుందా లేదా అని వినేవాళ్లం. చెయ్యి జివ్వుమనేది, అదొక గొప్పగా నవ్వుకునేవాళ్లం. ఇప్పటి బండ్లలో ఆ పని చేయొద్దు. మనిషికీ దెబ్బే, కంప్యూటరుకూ దెబ్బే. ఇంకోటి, ఆ ఇంజను లైటు నిలకడగా వెలగడం వేరు, మిణుకు మిణుకుమంటూ ఆరి వెలగడం వేరు. మిణుకుతుంటే కాలని పెట్రోలు సైలెన్సరు దారిలో పొగను శుభ్రం చేసే కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతోందని. బండి పక్కకు తీసి ఆపేయండి. ప్లగ్గు కంటే ఆ కన్వర్టరు ఎన్నో రెట్లు ఖరీదు.

తీసిన ప్లగ్గును పారేయకండి, దాని మూతి చూడండి. లేత గోధుమ రంగుంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిలు లోపలికి దిగుతోంది. తెల్లగా మాడి ఉంటే వేడి మీరుతోంది. సీఎన్‌జీ మీద తిరిగే బండికి రవ్వ కొట్టడానికి ఇంకా ఎక్కువ కరెంటు కావాలి కాబట్టి, ఆ ప్లగ్గులను కొంచెం ముందే చూసుకోవాలి.

నాకిచ్చిన టైము అయిపోవస్తోంది. బిగించే సంగతి ఒక్కటీ చెప్పి ముగిస్తాను. ప్లగ్గులు బిగించే ఇంజను పైభాగం, అదే హెడ్డు, ఇప్పటి బండ్లలో అల్యూమినియం. వేడి మీద ప్లగ్గు విప్పితే మరలు పోతాయి, చల్లారాకే విప్పాలి. విప్పేముందు ప్లగ్గు గుంతలోని దుమ్మును గాలి కొట్టి ఊదేయాలి, లేకపోతే అది నేరుగా సిలిండరులో పడుతుంది. కొత్త ప్లగ్గు చేతిలోంచి జారి కింద పడిందా, అది వద్దు, పక్కన పెట్టేయండి. స్పానరు ముందే పెట్టకండి. జానెడు రబ్బరు గొట్టం ముక్క ప్లగ్గు తలకు తొడిగి, దాన్ని వేళ్లతో తిప్పుతూ దించండి. మర వంకరగా పట్టిందంటే గొట్టం జారుతుంది, ప్లగ్గు తిరగదు. స్పానరు అయితే వంకర మరలోనూ తోసుకుని పోతుంది, అదే ప్రమాదం. వేళ్లతో ఆనేదాకా వచ్చాక, వాషరున్న కొత్త ప్లగ్గుకు స్పానరుతో సుమారు అర చుట్టు. బిగుతు కొలిచే టార్కు రెంచి ఉంటే బండి పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారం. స్పానరు నిటారుగా ఉండాలి.

ఆ నిమ్మకాయల బండి ప్లగ్గు ఇంకా నా టూల్ బాక్సులోనే ఉంది. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్ల చేతిలో పెట్టి, తప్పేంటో చెప్పమంటాను. గ్యాపు చూస్తారు, మూతి చూస్తారు, మరలు చూస్తారు. కొత్తగానే ఉంది కదా సార్ అని తిరిగి ఇచ్చేస్తారు. వెలుతురులోకి తిప్పి పట్టుకోమంటాను.

నమస్కారం.