కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి కరోనా సోకితే: మొదటి మూడు రోజుల సంగతి

నమస్కారం. బెంజి సర్కిల్ దగ్గర ఎవరైనా మాస్కు పెట్టుకుని కనిపిస్తే, దుమ్ముకో పొగకో పెట్టుకున్నారనుకునే రోజులివి. కరోనా అంటే జలుబు, రెండు రోజుల జ్వరం అనే స్థాయికి మనలో చాలామంది వచ్చేశాం. అయితే కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి ఆ వెసులుబాటు లేదు. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో నెలనెలా ఫైలు చంకన పెట్టుకుని నెఫ్రాలజిస్టు గది ముందు కూర్చునేవారికి, వారి ఇంట్లోవారికి ఈ వీడియో ఉద్దేశించినది. వైరస్ వల్ల వారికి ఎంత ప్రమాదం ఉందో, జ్వరం వచ్చిన మొదటి మూడు రోజుల్లో ఇంట్లోనూ మందుల షాపులోనూ తీసుకునే నిర్ణయాల వల్ల కూడా అంత ప్రమాదం ఉందన్నది నేను చెప్పదలచుకున్న విషయం.

అమర్చిన కిడ్నీని శరీరం పరాయిదిగానే చూస్తుంది కాబట్టి, దానిపై దాడి జరగకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు జీవితాంతం వాడాలి. సాధారణంగా ట్యాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ అనే మూడూ కలిపి ఇస్తారు. కిడ్నీని కాపాడే ఈ మందులే వైరస్‌తో పోరాడవలసిన కణాలను కూడా అణచిపెడతాయి. మందు తగ్గిస్తే కిడ్నీకి ముప్పు, తగ్గించకపోతే ఇన్‌ఫెక్షన్ ముదిరే ముప్పు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే ఇదే.

ఆ ముప్పు ఎంతటిదో మహమ్మారి తొలినాళ్లలోనే తెలిసింది. 2020 వసంతంలో న్యూయార్క్‌లోని మాంటిఫియోర్ వైద్య కేంద్రం తమ వద్దకు వచ్చిన 36 మంది కిడ్నీ మార్పిడి రోగుల వివరాలు ప్రచురించింది. వారిలో 10 మంది మూడు వారాలలోపే మరణించారు. మన దేశంలో 13 ఆసుపత్రులు కలిసి 250 మందిని పరిశీలించినప్పుడు మరణాల శాతం 11.6గా తేలింది. టీకాలు రాకముందు నాటి ఈ లెక్కలను నేటికి యథాతథంగా వర్తింపజేయకూడదు. కానీ న్యూయార్క్ నివేదికలోని మరొక అంశం మాత్రం నేటికీ పనికొస్తుంది: ఆ రోగుల్లో జ్వరం కనిపించింది 58 శాతం మందిలోనే. అంటే థర్మామీటరు మామూలుగా చూపిస్తోంది కాబట్టి ఫరవాలేదని మార్పిడి చేయించుకున్నవారు ధైర్యపడకూడదు. నీరసం, విరేచనాలు, కాస్త దగ్గు మాత్రమే ఉన్నా పరీక్ష చేయించుకోవాలి.

విరేచనాల గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. విరేచనాలైతే మందు బయటకు పోయి రక్తంలో తగ్గిపోతుందని మనం అనుకుంటాం. ట్యాక్రోలిమస్ విషయంలో చాలాసార్లు దీనికి విరుద్ధంగా జరుగుతుంది. పేగుల గోడలో ఈ మందును విరగ్గొట్టే ఎంజైములు, తిప్పి పంపే ప్రోటీన్లు దెబ్బతినడంతో రక్తంలోకి చేరే మోతాదు పెరుగుతుంది. పెరిగిన ట్యాక్రోలిమస్ కిడ్నీకే హాని చేస్తుంది. ఒకవైపు ఒంట్లో నీరు తగ్గి, మరోవైపు మందు ఎక్కువైతే క్రియాటినిన్ (కిడ్నీ వడగట్టి బయటకు పంపవలసిన వ్యర్థం) రక్తంలో ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఆ స్థితిలో మందు విరేచనాల్లో పోయిందేమోనని మరో మాత్ర వేసుకోవడం కొరివితో తల గోక్కోవడమే.

ఇక మందుల షాపు. "బాబాయ్, ఒళ్లు నొప్పులుగా ఉంది, ఏదైనా గట్టి మాత్ర ఇవ్వు" అని అడిగితే కౌంటరు మీదకు వచ్చేది తరచూ డైక్లోఫెనాక్ లేదా ఐబుప్రొఫెన్ ఉన్న మాత్ర. ఇవి కిడ్నీకి రక్తప్రసరణను తగ్గిస్తాయి. మార్పిడి కిడ్నీ ఉన్నవారు వీటి జోలికి వెళ్లకూడదు. జ్వరానికి పారాసెటమాల్ చాలు. యాంటీబయాటిక్ పేరుతో క్లారిత్రోమైసిన్ ఇచ్చినా, నోటిపూతకని ఫ్లూకోనజోల్ ఇచ్చినా, ట్యాక్రోలిమస్ స్థాయి బాగా పెరిగిపోతుంది. షాపులో ఉన్న అబ్బాయికి మీ ఆపరేషన్ సంగతి తెలియదు, చెప్పవలసింది మీరే.

కరోనాకు ఇచ్చే మాత్రల్లోనే అన్నిటికన్నా పెద్ద చిక్కుంది. నిర్మాట్రెల్విర్, రిటోనావిర్ కలిపి ఇచ్చే చికిత్సను పాక్స్‌లోవిడ్ అనే పేరుతో చాలామంది విని ఉంటారు. హైదరాబాద్‌కు చెందిన హెటెరో సంస్థ తయారుచేసిన దీని జెనరిక్‌కు 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు కూడా లభించింది. మందు మంచిదే. కానీ ఇందులోని రిటోనావిర్, ట్యాక్రోలిమస్‌ను విరగ్గొట్టే కాలేయ ఎంజైమును దాదాపు స్తంభింపజేస్తుంది. రెండూ కలిపి మామూలు మోతాదులో వేసుకుంటే ట్యాక్రోలిమస్ విషస్థాయికి చేరుతుంది: చేతులు వణకడం, తల తిరగడం, కిడ్నీ పని మందగించడం మొదలవుతాయి. అందువల్ల అనుభవమున్న వైద్యులు ఆ ఐదు రోజులు ట్యాక్రోలిమస్‌ను ఆపడమో బాగా తగ్గించడమో చేసి, తర్వాత రక్తపరీక్ష చూసి తిరిగి మొదలుపెడతారు. లేదా ఈ చిక్కు లేని రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్‌ను, అదీ కుదరకపోతే మోల్నుపిరావిర్‌ను ఎంచుకుంటారు. వేరే వైద్యుడు రాసిన చీటీని ట్రాన్స్‌ప్లాంట్ బృందానికి ఫోన్లో చదివి వినిపించకుండా మొదటి మాత్ర మింగకూడదని నేను గట్టిగా చెప్పడానికి కారణమిదే.

ఆ రక్తపరీక్షకూ ఒక పద్ధతి ఉంది. ఉదయం ల్యాబ్‌లో పరగడుపున కూర్చున్నవారిలో చొక్కా జేబులో మాత్ర పెట్టుకుని, రక్తం తీసిన తర్వాతే దాన్ని వేసుకునేవారు కనిపిస్తే, వారు ట్యాక్రో లెవెల్ (రక్తంలో ట్యాక్రోలిమస్ ఎంత ఉందో చూసే పరీక్ష) కోసం వచ్చినవారని అర్థం. ముందురోజు రాత్రి మాత్రకు పన్నెండు గంటల తర్వాత, ఉదయం మాత్రకు ముందు తీసిన రక్తమే సరైన లెక్క చూపిస్తుంది. అలవాటుగా మాత్ర వేసుకుని వెళ్తే రిపోర్టులో అంకె ఎక్కువగా వచ్చి, అనవసరంగా మోతాదు తగ్గించే పరిస్థితి వస్తుంది.

ఇంట్లోవారి ప్రేమ వల్ల జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. రోగనిరోధక శక్తి పెరుగుతుందని తిప్పతీగ కషాయం కాచి ఇస్తుంటారు. ఎంతో ఖర్చుపెట్టి, ఎన్నో మాత్రలతో అణచి ఉంచుతున్న శక్తినే కషాయంతో రెచ్చగొట్టాలని చూడటం ఎంత విపరీతమో ఆలోచించండి. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలను 2021లో మన దేశ వైద్యులే నివేదించారు. పంపర పనసకూ ట్యాక్రోలిమస్‌కూ పడదు కాబట్టి అదీ వద్దు.

టీకాల విషయంలోనూ వీరి లెక్క వేరు. అమెరికాలో అవయవ మార్పిడి చేయించుకున్న 658 మందిని 2021లో పరీక్షిస్తే, రెండు డోసుల ఎంఆర్‌ఎన్‌ఏ టీకా (ఫైజర్, మోడెర్నా రకం) తర్వాత కూడా 46 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించలేదు. ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో మూడో డోసు వేసినప్పుడు యాంటీబాడీలు ఉన్నవారు 40 శాతం నుంచి 68 శాతానికి పెరిగారు. టీకా వృథా అని దీని అర్థం కాదు. అదనపు డోసులు అవసరమని, ఆ ఇంట్లో మిగతావారంతా టీకా వేయించుకోవడం మరింత అవసరమని అర్థం.

ఇన్‌ఫెక్షన్ సోకినప్పుడు వైద్యులు సాధారణంగా ముందు మైకోఫినోలేట్‌ను ఆపుతారు, స్టెరాయిడ్‌ను, అంటే ప్రెడ్నిసొలోన్‌ను, కొనసాగిస్తారు. స్టెరాయిడ్‌ను సొంతంగా ఆపడం చాలా ప్రమాదకరం. ఏళ్ల తరబడి వాడినవారి శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించుకుని ఉంటుంది. జ్వరం తగ్గాక ఎదురయ్యే సమస్య మరొకటి. మైకోఫినోలేట్ లేకపోయినా బాగానే ఉంది కదా అని కొందరు దాన్ని మళ్లీ మొదలుపెట్టరు, అడగరు కూడా. కిడ్నీ తిరస్కరణ మొదలైతే నొప్పి పుట్టాలని లేదు. మూత్రం తగ్గడం, పాదాలు వాయడం, బీపీ పెరగడం ఆలస్యంగా కనిపిస్తాయి. చాలాసార్లు క్రియాటినిన్ రిపోర్టులోనే ముందు తెలుస్తుంది. కాబట్టి ఆపిన మందును ఏ రోజున, ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో ఆపమన్న రోజునే వైద్యుణ్ణి అడిగి, ఫైలు మొదటి పేజీలో రాయించుకోండి.